ఎండాకాలంలో కుందేలు మల్బరీ తోటకు ఎందుకొస్తుంది? కాలాన్ని బట్టి మారే దాని మేత



ఎండలు మొదలైనాయంటే మన గ్రూపులో ఒకే రకం ఫొటోలు వస్తాయి. కొత్తగా నాటిన మల్బరీ మొక్క మొదట్లో తెగి పక్కన పడుంటుంది. కింద ఒకటే ప్రశ్న: "ఇది ఏం చేసిందన్నా? మందేం కొట్టాలి?" ఆ రెండో ప్రశ్నే మమ్మల్ని భయపెడుతుంది. ఎందుకంటే ఒకసారి మేమూ అట్లే అడిగి, అట్లే చేసి, ఒక పంట పోగొట్టుకున్నాం. అందుకే ఈసారి కుందేలు గురించి, అది ఏ కాలంలో ఏం తింటుంది, మన తోటకు ఎప్పుడొస్తుంది, ఎందుకొస్తుంది అనేది వివరంగా రాస్తున్నాం.

*మా ఇంట్లో జరిగింది*

మాది కోలారు పక్క మెట్ట పల్లె. బోరు నీళ్ళు, డ్రిప్పు, రెండెకరాల మల్బరీ. కొన్నేళ్ళ కిందట సంక్రాంతి అయినాక అరెకరంలో వీ-1 మొక్కలు కొత్తగా నాటినాం. చుట్టూ బీడు, బీడు దాటితే గుట్ట. ఫాల్గుణం వచ్చేసరికి రోజూ పొద్దున పదో పదిహేనో మొక్కలు తెగి ఉండేవి. పక్క చేని ఆయన మేకలే అనుకొని ఆయనతో గొడవ పడినాం. "మేకల్ని కట్టేసుకోలేవా అన్నా" అని గట్టిగానే అడిగినాం. ఆయన కోపం చేసుకోలేదు. తెగిన మొక్క ఒకటి చేతికి తీసుకొని, "మేక కొరికితే ఇట్ల కత్తితో కోసినట్ల ఉంటాదా తమ్ముడూ? ఇది చెవులపిల్లి పని" అన్నాడు. తల దించుకొని ఇంటికొచ్చినాం.

అంతటితో ఊరుకోని ఉంటే బాగుండేది. ఎవరో చెప్పినారని గోనెపట్టా ముక్కల్ని పురుగుమందులో తడిపి తోట చుట్టూ కట్టినాం. వాసనకు కుందేలు రాదని. నాలుగు రోజులు నిజంగానే రాలేదు. అప్పుడు షెడ్డులో 100 గుడ్ల పంట మూడో జ్వరం దాటి ఉంది. గాలివాన వచ్చి గోనె ముక్కల మందు అంచు సాళ్ళ ఆకు మీద పడింది. మాకు తట్టలేదు, ఆ ఆకే కోసి వేసినాం. సాయంత్రానికి పురుగులు తలలెత్తి కొట్టుకుంటూ పచ్చగా కక్కినాయి. మర్నాటికి తట్టలకు తట్టలు ఎత్తి గుంతలో పోసినాం. కుందేలు కొరికింది వంద మొక్కలు. మా చేతులారా పోగొట్టింది ఒక పంట.

ఆ తర్వాతే కుందేలు నడకను గమనించడం మొదలుపెట్టినాం.

*ముందు ఇది ఏ జంతువో తెలుసుకుందాం*

మన పక్క బీళ్ళలో తిరిగేది, ఇళ్ళలో బోన్లలో పెంచే తెల్ల కుందేలు ఒకటి కాదు. బోన్లలో పెంచేది ఐరోపా కుందేలు జాతి. అది అడవిలో ఉంటే బొరియలు తవ్వి గుంపుగా బతుకుతుంది. దాని పిల్లలు కళ్ళు మూసుకొని, బొచ్చు లేకుండా పుడతాయి. మనది చెవులపిల్లి. మెడ వెనక నల్లటి మచ్చ ఉంటుంది. బొరియ తవ్వదు. గడ్డిలోనో కంప కిందనో తన ఒళ్ళంత పల్లం చేసుకొని పగలంతా కదలకుండా పడుకుంటుంది. పిల్లలు కళ్ళు తెరుచుకొని, బొచ్చుతోనే పుడతాయి. మేతకు బయలుదేరేది పొద్దు కుంకినాక. తిరిగి తెల్లారేలోపల పడకకు చేరుతుంది. అందుకే పగలు తోటలో ఎంత వెతికినా కనపడదు.

*ఎందుకు మేత మారుస్తుంది?*

ఇది మన పురుగుతో పోల్చుకుంటే బాగా అర్థమవుతుంది. పట్టుపురుగుకు మల్బరీ తప్ప ఇంకో ఆకు లేదు. కానీ ఆ ఒక్క ఆకులోనే ఎన్ని తేడాలు! చాకీ పురుగుకు 80 శాతం దాకా నీరున్న లేత ఆకు కావాలి. ముదురాకు వేస్తే అంచులు గీరి వదిలేస్తుంది. నాలుగో జ్వరం దాటిన పురుగుకు ముదురాకే బలం.

కుందేలు సంగతి ఇంకో రకం. దానికి వంద రకాల మేతలున్నాయి, కానీ ఏ కాలంలో ఏది లేతగా, నీటితో ఉంటే దాన్ని ఎంచుకొని తినాలి. ఎందుకంటే అది బర్రె మాదిరి నెమరు వేసే జీవం కాదు. బర్రెకు పెద్ద పొట్ట, ఎండు వరిగడ్డి వేసినా పడుకొని నెమరేసి అరిగించుకుంటుంది. కుందేలు చిన్న జీవం. ఎండుగడ్డి పొట్ట నిండా తిన్నా దానికి చాలినంత బలం రాదు. దాని పేగుల చివర పెద్ద సంచి లాంటిది ఒకటి ఉంటుంది, పీచు అక్కడ పులుస్తుంది. పులిసినదాంట్లోని సారం వృథా కాకుండా, మెత్తటి పెంటికల రూపంలో వచ్చినదాన్ని మళ్ళీ నోటితో తీసుకొని తింటుంది. వినడానికి అసహ్యంగా ఉన్నా అది దానికి నెమరు లాంటిదే. మనకు చేలో కనపడేవి మాత్రం గట్టి పెంటికలు.

ఇంకో సంగతి నీరు. కుందేలు కుంటకు పోయి నీళ్ళు తాగడం చాలా తక్కువ. తినే పచ్చి మేతలోంచి, దాని మీది మంచులోంచి నీరు తీసుకుంటుంది. గడ్డి ఎండిందంటే దానికి తిండి, నీళ్ళు రెండూ ఒక్కసారే పోయినట్టు.

ఈ రెండు సంగతులు గుర్తుపెట్టుకుంటే ఏడాది పొడవునా అది ఎక్కడుంటుందో మనమే చెప్పొచ్చు.

*ఏడాదిలో నాలుగు కాలాలు*

1. తొలకరి నుంచి శ్రావణం దాకా: వాన పడిన వారానికి బీడంతా గరిక చిగురిస్తుంది. ఈ లేత గడ్డిలో మాంసకృత్తులు ఎక్కువ, నీరు ఎక్కువ. కుందేలుకు ఇది పండగ కాలం. పొట్టి గడ్డి ఎక్కడుంటే అక్కడే మేస్తుంది. మోకాలెత్తు పెరిగిన గడ్డి కంటే గొర్రెలు మేసి వదిలిన పొట్టి చిగురే దానికి ఇష్టం. ఏడాదంతా ఈనుతుంది కానీ వానకాలంలో పిల్లలు ఎక్కువ. ఈ నెలల్లో మన తోటకు దాదాపు రాదు. గుట్ట పక్కన అంత మేత ఉంటే బోరు కాడికి వచ్చే పనేముంది?

2. భాద్రపదం, ఆశ్వయుజం: బీడులో గడ్డి కంకి వేసి ముదురుతుంది. కంకి వేసిన గడ్డి కాడ పీచు తేరుతుంది. అప్పుడు కుందేలు చేలకు దిగుతుంది. శెనక్కాయ ఆకు, అలసంద, ఉలవ, అనప తీగ చిగుళ్ళు, ఆలస్యంగా విత్తిన రాగి మొలక దీని మేత. పప్పుజాతి ఆకుల్లో బలం ఎక్కువని దానికి మనకంటే బాగా తెలుసు. గట్ల మీది వెడల్పాకు కలుపు మొక్కలు కూడా తింటుంది. ఈ కాలంలోనూ మల్బరీకి పెద్ద ముప్పు లేదు.

3. కార్తీకం నుంచి పుష్యం దాకా: రాగి కోతలైనాక చేను ఖాళీ. మోళ్ళ నుంచి వచ్చే చిన్న చిగురు, అనప చేలలో మిగిలిన ఆకు, గట్టు నీడన ఉన్న పచ్చిక. తెల్లవారుజామున మంచు బాగా పడుతుంది కాబట్టి నీటికి కరువు లేదు. కానీ మేత కోసం నడిచే దూరం పెరుగుతుంది. ఒకటి రెండు మల్బరీ చిగుళ్ళు కొరికి చూసేది ఇప్పుడే. పుష్యంలో అంచు సాళ్ళలో పెంటికలు కనపడితే, రెండు నెలల తర్వాత రాబోయే దానికి అది ముందు నోటీసు అనుకోండి.

4. మాఘం చివర నుంచి రోహిణి కార్తె దాకా: బీడు ఎర్రబడుతుంది. కనుచూపు మేరలో పచ్చగా ఉండేవి బోరు కింది తోటలే. టమాట, క్యాబేజీ, మన మల్బరీ. టమాటకు మందులు కొడతారు, మల్బరీకి మనం కొట్టం. మెత్తటి ఆకు, నీరున్న చిగురు, మందు వాసన లేని మేత! మనం పురుగు కోసం చేసిన ఏర్పాటంతా కుందేలుకు కూడా సరిపోతుంది. చిగురు అందకపోతే లేత కాండం బెరడు కొరుకుతుంది. బెరడు కింద ఉండే పచ్చటి పొరలో నీరు, తీపి ఉంటాయి.

చలి దేశాల్లో ఇదే పని చలికాలంలో జరుగుతుంది. ఐరోపాలో మంచు గడ్డిని కప్పేసినప్పుడు అక్కడి కుందేళ్ళు పండ్ల చెట్ల బెరడు కొరుకుతాయి. ఆస్ట్రేలియాకు 1859లో థామస్ ఆస్టిన్ అనే ఆసామి వేట సరదా కోసం ఇంగ్లండు నుంచి రెండు డజన్ల కుందేళ్ళు తెప్పించి వదిలితే, కోట్లుగా పెరిగినాయి. కరువు కాలంలో అవి పొదల బెరడు, వేర్లు కూడా వదల్లేదు. అంటే బెరడు కుందేలుకు ఇష్టమైన తిండి కాదు, ఆకలి తిండి. వాళ్ళకు మంచు ఏం చేస్తుందో మనకు ఎండ అదే చేస్తుంది.

మీ ఊరిని బట్టి ఈ లెక్క కొంచెం మారుతుంది. హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి పక్క వాళ్ళకు ఈశాన్య రుతుపవనాల వాన ఆశ్వయుజ, కార్తీకాల్లో బాగా పడుతుంది కాబట్టి గడ్డి ఇంకొన్నాళ్ళు పచ్చగా ఉంటుంది. మహారాష్ట్రలో జాల్నా, బీడ్ వైపు ఉన్న మనోళ్ళకు వాన ముందే ఆగిపోతుంది, కాబట్టి ఈ నాలుగో కాలం ముందే మొదలవుతుంది. నెల పేరు చూడకండి, మీ బీడు రంగు చూడండి.

*కుందేలా, మేకా, ఎలుకా?*

మా మాదిరి పక్కింటాయనతో గొడవ పడకముందు ఇవి చూడండి.

కోత: కుందేలుకు పైన, కింద పదునైన ముందు పళ్ళు ఉంటాయి. పై పళ్ళ వెనక ఇంకో చిన్న జత కూడా ఉంటుంది. అందుకే కొమ్మ ఏటవాలుగా, కొడవలితో కోసినట్టు తెగుతుంది. మేకకు, ఆవుకు పై ముందు పళ్ళు ఉండవు. అవి పట్టి లాగుతాయి, కాబట్టి కొస చీలి, నార వేలాడుతుంది.

ఎత్తు: వెనక కాళ్ళ మీద లేచినా కుందేలుకు రెండడుగుల దాకానే అందుతుంది. అంతకంటే పైన తిని ఉంటే అది వేరే జీవం.

పెంటికలు: కుందేలువి గుండ్రంగా, కొంచెం అణిగి, పెద్ద శెనగ గింజంత ఉంటాయి. మేకవి నున్నగా, కోలగా, నల్లగా ఉంటాయి. కుందేలు పెంటిక విరిచి చూస్తే పీచు పొడి మాదిరి రాలుతుంది. వానకాలంలో నల్లగా మెత్తగా, ఎండాకాలంలో ఎండుగడ్డి రంగులో ఉంటుంది. శాస్త్రవేత్తలు కూడా కుందేలు మేత తెలుసుకోవడానికి ఈ పెంటికల్నే సూక్ష్మదర్శిని కింద పెట్టి, అరగని ఆకు పొర ముక్కల్ని బట్టి ఏ మొక్క తిన్నదో చెబుతారు.

ఎలుక, పందికొక్కు: నేలకు ఆనుకొని, వేరు దగ్గర కొరుకుతాయి. దగ్గర్లో బొరియ తప్పకుండా ఉంటుంది.

*ఎంత నష్టం, ఎవరికి నష్టం?*

ఇక్కడ తేడా చూడాలి. రెండేళ్ళు దాటిన తోటకు కుందేలు వల్ల పెద్ద నష్టం ఉండదు. మనమే ఏడాదికి ఐదుసార్లు కోస్తాం, అది కొరికిన నాలుగు చిగుళ్ళు లెక్కలోకి రావు. కత్తిరింపు చేసిన తర్వాత మొదటి మూడు వారాలు మాత్రం చిగురు దాని నోటి ఎత్తులో ఉంటుంది. అప్పుడు అంచు సాళ్ళు కొంచెం దెబ్బతింటాయి.

నిజమైన నష్టం కొత్త తోటకే. పెన్సిలు లావు మొక్క మొదట్లో తెగితే ఏడాది వెనక్కి పోయినట్టు. బెరడు చుట్టూ ఉంగరంలా పోతే ఆకులో తయారైన ఆహారం వేరుకు దిగదు, మొక్క మెల్లగా చచ్చిపోతుంది. చెట్టు మల్బరీ పెంచేవాళ్ళకు కూడా మొదటి ఏడాదే గండం. కాండం ముదిరి బెరడు గట్టిపడితే కుందేలు ముట్టదు.

తెగిన మొక్కను వెంటనే పీకేయకండి. గాయం కింద ఒక్క మొగ్గ ఉన్నా చాలు. గాయానికి కింద పదునైన కత్తెరతో కోసి, నీళ్ళు పెట్టి మూడు వారాలు చూడండి. మా తోటలో సగం దాకా అట్లే తిరిగి చిగురించినాయి.

*ఏం చేయాలి*

కాపలా కావాల్సింది ఏడాదంతా కాదు. ఆ మూడు నాలుగు నెలలు, ఆ కొత్త మొక్కలకు మాత్రమే. అది తెలిస్తే ఖర్చు సగం తగ్గుతుంది.

ఒకటి, నాటే కాలం మార్చండి. మేము చేసిన మొదటి తప్పు సంక్రాంతి తర్వాత నాటడం. తొలకరిలో నాటితే ఎండాకాలం వచ్చేసరికి కాండం ముదురుతుంది.

రెండు, కోళ్ళ జాలీ. మూడడుగుల ఎత్తు, కింద అర అడుగు బయటి వైపుకు మడిచి మట్టి కప్పాలి. మన కుందేలు తవ్వదు కానీ సందు దొరికితే దూరుతుంది. తోటంతా కట్టలేకపోతే బీడు వైపు, గుట్ట వైపు అంచు మొదట కట్టండి. అది వచ్చే దారి దాదాపు ఒకటే ఉంటుంది.

మూడు, మొక్కకు తొడుగు. పాత పైపు ముక్కలు చీల్చి, వెదురు బద్దలు, వక్కపట్టలు ఏవైనా అడుగున్నర ఎత్తున చుట్టండి. పాడైన చంద్రికల వెదురు కూడా పనికొస్తుంది. కానీ ఒక్క మాట: రోగం వచ్చిన పంట చంద్రికలు తోటలోకి తేవద్దు. వాటిని కాల్చేయడమే.

నాలుగు, కత్తిరించిన కొమ్మల్ని బీడు అంచున కుప్ప వేయండి. కింద పడిన లేత కొమ్మ బెరడు దొరికితే కుందేలు మొక్క దాకా రావడం తగ్గుతుంది. కోసిన తాజా కొమ్మలే వేయాలి. షెడ్డులో పురుగు తిని వదిలిన పుల్లలు, లద్దె మాత్రం బయట పారేయకండి, రోగం తోటంతా అంటుకుంటుంది. అవి ఎరువు గుంతకే పోవాలి.

ఐదు, తోటకు ఆనుకొని ఉన్న కంప తీసేసి పది అడుగులు ఖాళీగా ఉంచండి. దాక్కునే చోటు లేకపోతే తెరపలోకి రావడానికి జంకుతుంది. కానీ బీడు మీది గడ్డిని కాల్చకండి. బీడు కాలిస్తే అక్కడి మేత కూడా పోయి నేరుగా మన తోటకే వస్తుంది.

*ఏం చేయకూడదు*

ఏ మందూ వద్దు. ఆకు మీదనే కాదు, అంచున కూడా వద్దు. గుళికలు వద్దు, మందు గోనెలు వద్దు. వేప మందు మంచిదే కదా అనుకుంటారు, అది కూడా వద్దు. పురుగు జ్వరాన్ని చెడగొట్టే గుణం వేపలోనే ఉంది. కుందేలు మూతికి దగ్గరైన ఏ మందైనా మన పురుగు నోటికి దూరం కాదు.

కంచెకు నేరుగా కరెంటు పెట్టొద్దు. రాత్రి నీళ్ళు కట్టడానికి పోయేది మనమే, మన పిల్లలే.

ఉచ్చులు, వలలు వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కుందేలును వేటాడటం నేరం. పండగ వేట ఆచారం అన్నా ఆఫీసరు వినడు.

*చివరగా ఒక మాట*

మా చిన్నప్పుడు గుట్ట కింద ఎంత బీడు ఉండేదో గుర్తుంది. అందులో సగం నీలగిరి తోటలైంది, దాని కింద గడ్డి పెద్దగా రాదు. మిగతాది లేఅవుట్లయింది. మేత పోయిన జీవం పచ్చగా కనపడిన చోటికి వస్తుంది. కరువొస్తే మనం బెంగళూరుకు కూలికి పోలేదా, అట్లే.

పోయిన ఏడాది మళ్ళీ పావెకరం కొత్తగా నాటినాం. తొలకరిలో నాటి, గుట్ట వైపు జాలీ కట్టి, మిగతా మూడు వైపులా మొక్కలకు తొడుగులు వేసినాం. ఎండాకాలం మొత్తానికి పోయినవి పదకొండు మొక్కలు. జాలీ పట్టుకొని కట్టించింది, మేము ఆ రోజు గొడవ పడిన పక్క చేని అన్నే.

మీ పక్క కుందేలు ఏ నెలలో దిగుతుంది, బీడు ఎప్పుడు ఎండుతుంది, ఏం చేస్తే ఆగింది అనేది గ్రూపులో వాయిస్ పెట్టండి. ఫొటో పెట్టేవాళ్ళు తెగిన కొసను దగ్గర నుంచి తీయండి, పక్కన ఒక పెంటిక కూడా పెట్టండి. మందు షాపుకు పోకముందు ఫొటో పెట్టండి, అంతే మేం కోరేది.

మీ పంటలు బాగా కట్టాలని, గూళ్ళకు మంచి ధర రావాలని కోరుకుంటూ, సెలవు.